పది గజాల దాకా ఆగిన తుపాకులు: మిండెన్, 1759

బొబ్బిలి యుద్ధం గురించి మన విజయనగరం జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. 1757 జనవరి 24, తాండ్ర పాపారాయుడు, పెద విజయరామరాజు, బుస్సీ ఫిరంగులు, అన్నీ నోటికి వచ్చినవే. ఆ బుస్సీ వెనకున్న ఫ్రాన్సు అప్పటికే యూరప్‌లో ఏడేళ్ళ యుద్ధంలో దిగి ఉందన్న సంగతి మాత్రం మన కథల్లో కనిపించదు. 1756 నుంచి 1763 దాకా సాగిన ఆ పోరులో ఒక జట్టు బ్రిటన్, ప్రష్యా, హనోవర్, హెస్సె, బ్రున్స్విక్. ఎదుటి జట్టు ఫ్రాన్సు, ఆస్ట్రియా, రష్యా, సాక్సనీ, స్వీడన్. బొబ్బిలి పోరులో ఇంగ్లీషువాళ్ళు లేరు. మరుసటి ఏడాది పిఠాపురం దగ్గరి చందుర్తిలో మాత్రం ఆ రెండు జట్ల వాళ్ళే మన నేల మీద ఎదురుపడ్డారు. చందుర్తికి చివర్లో వస్తాను. ముందు అదే తరం తుపాకులతో జర్మనీలో జరిగిన పెద్ద పోరు సంగతి: మిండెన్, 1759 ఆగస్టు 1.

మిండెన్‌ని సాధారణంగా ఇలా చెబుతారు: ఆజ్ఞ తప్పుగా అర్థమై ఆరు బ్రిటిష్ పటాలాలు ఫ్రెంచి గుర్రపు దళం మీదికి నడిచి వెళ్ళాయి, ధైర్యంతో గెలిచాయి. ధైర్యం నిజమే. కానీ ఆ తుపాకీ ఎంత దూరం పనికొస్తుంది, మళ్ళీ నింపడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి తెలియకుండా ఆ గెలుపు అర్థం కాదు. అందుకే తుపాకీతో మొదలుపెడతాను.

బ్రిటిష్ సిపాయి చేతిలోది లాంగ్ ల్యాండ్ నమూనా చెకుముకి తుపాకీ. గొట్టం పొడవు 46 అంగుళాలు, మొత్తం బరువు నాలుగున్నర కిలోలకు పైనే. గొట్టం లోపలి వ్యాసం ముప్పాతిక అంగుళం, అందులో వేసే సీసపు గుండు 0.69 అంగుళం. ఆ సందు కావాలనే ఉంచారు. తుపాకీమందు కాలితే గొట్టంలో మసి గట్టిగా పేరుకుంటుంది, గుండు బిగుతుగా ఉంటే పదిసార్లు పేల్చేసరికి కడ్డీతో ఎంత నెట్టినా దిగదు. వదులుగా ఉన్న గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ తగులుతూ బయటకు వస్తుంది, చివరిసారి ఏ వైపు తగిలితే దానికి ఎదురు వైపు పోతుంది. అందువల్ల యాభై అరవై మీటర్లు దాటితే ఒక మనిషిని గురిపెట్టి కొట్టడం అదృష్టం మీద ఆధారపడ్డ పని. వంద మీటర్ల దగ్గర వందల మంది ఒక్కసారి పేలిస్తే కొన్ని తగులుతాయి, అంతే.

నింపే పద్ధతి ఇది. తూటా అంటే కాగితపు పొట్లం, అందులో మందు, ఒక గుండు. పొట్లం కొసను పళ్ళతో చించాలి. చిటికెడు మందు తుపాకీ పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసి, దాని మీదికి ఉక్కు మూత వాల్చాలి. తుపాకీని నిలబెట్టి మిగిలిన మందు గొట్టంలో ఒంపి, గుండునూ కాగితాన్నీ వెంటే వేయాలి. గొట్టం కింద ఉన్న కడ్డీని లాగి అడుగు దాకా దట్టించి, కడ్డీని మళ్ళీ దాని చోట పెట్టాలి. చెకుముకి రాయి బిగించిన కొక్కేన్ని పూర్తిగా వెనక్కి లాగి, భుజానికి ఎత్తి మీట నొక్కాలి. రాయి ఉక్కు మూతను కొట్టి నిప్పురవ్వలు రాలుస్తుంది, పళ్ళెంలో మందు అంటుకుంటుంది, ఆ మంట పక్క రంధ్రం గుండా లోపలికి పోతుంది. కవాతు మైదానంలో బాగా సాధన చేసినవాడికి దీనికంతా ఇరవై సెకన్లు. పోరులో నిమిషానికి రెండుసార్లు పేల్చితే మంచి సిపాయి అనాలి.

చెడిపోయే చోట్లు చాలా ఉన్నాయి. రాయి ఇరవై ముప్పై దెబ్బలకు మొద్దుబారుతుంది. పక్క రంధ్రం మసితో పూడుకుంటే పళ్ళెంలో భగ్గుమంటుంది గానీ లోపల అంటుకోదు. చుట్టూ మోతలో అది గమనించని సిపాయి పాత తూటా మీదే కొత్తది దట్టిస్తాడు. రెండూ కలిసి అంటుకుంటే గొట్టం పగలొచ్చు. కంగారులో కడ్డీ లోపలే మరిచిపోయి పేల్చేస్తే అది ఎగిరిపోతుంది, ఇక ఆ తుపాకీ కొసన బిగించే కత్తి, బాయ్‌నెట్ పెట్టుకునే కర్రే. వాన పడ్డా, గాలిలో తేమ ఎక్కువైనా మందు చెమ్మగిల్లుతుంది. భీమిలి, కళింగపట్నం లాంటి ఉప్పుగాలి తీరాల్లో పీపాల్లో దాచిన మందు గడ్డకట్టడం మామూలు, ఎండబెట్టి పొడి చేయకుండా నమ్మకూడదు. ఇవన్నీ పొడి వాతావరణంలో కూడా కొంత ఉండేవే కాబట్టి, ప్రతి ఆరు తుపాకుల్లో ఒకటి పేలదు అనుకుని లెక్క వేస్తే మేలు.

ఇప్పుడు గుర్రం సంగతి. దౌడు తీసే గుర్రం వంద మీటర్లు పన్నెండు, పదమూడు సెకన్లలో దాటేస్తుంది. నింపడానికి ఇరవై సెకన్లు. అంటే వంద మీటర్ల దగ్గర పేల్చిన వరుసకు రెండో అవకాశం లేదు. ఒక్క విడత, దాన్ని ఎక్కడ వాడతావన్నదే ప్రశ్న.

మన విజయనగరం అయోధ్యా మైదానంలో తాడూ మేకులూ పట్టుకుని ఇది కొలిచి చూడవచ్చు. సిపాయిలు భుజం భుజం తగిలేలా నిలబడేవారు, మనిషికి 55 సెంటీమీటర్లు చాలు. 700 మంది పటాలం మూడు వరుసల్లో నిలబడితే ముందు వరుసలో సుమారు 233 మంది, పొడవు దాదాపు 130 మీటర్లు. గుర్రపు రౌతులు మోకాలు మోకాలు రాసుకుంటూ వస్తే ఒక్కో గుర్రానికి మీటరు. ఆ మీటరులో ఎదురుగా ఇద్దరేసి మనుషులు, మూడు వరుసలు, ఆరు తుపాకులు. ఒకటి పేలకపోయినా ఐదు గుండ్లు ఒక గుర్రానికి. వంద మీటర్ల దగ్గర ఆ ఐదింటిలో ఒక్కటి తగిలినా గొప్పే. ఇప్పుడు ఒక మేకు వంద మీటర్ల దగ్గర, ఇంకోటి పది గజాల దగ్గర పాతి, పటాలం ఉన్నచోట నిలబడి చూడండి. పది గజాలంటే క్రికెట్ పిచ్‌లో సగం కన్నా తక్కువ. అక్కడ గురి తప్పడం కష్టం.

అందుకని ఎంత దగ్గరైతే అంత మంచిదనుకోకూడదు. పది గజాల దగ్గర దెబ్బతిన్న గుర్రం ఒక్క సెకను పైచిలుకులో వరుస దాకా వచ్చేస్తుంది. చచ్చిన గుర్రమైనా నాలుగైదు వందల కిలోల బరువు, అది దొర్లి మనుషుల మీద పడితే సందు తెరుచుకుంటుంది, వెనకొచ్చే రౌతులకు ఆ సందు చాలు. నా దృష్టిలో పాతిక, ముప్పై గజాలే సరైన దూరం. పడిన గుర్రాలు వరుసకు ముందే ఆగి, వెనక వాటికి అడ్డుగోడ అవుతాయి. మిండెన్‌లో పది గజాల దాకా ఆగారంటే అది అంచు మీద నడక.

రంగస్థలానికి వద్దాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర బెర్గెన్‌లో బ్రోలీ దొర ఫ్రెంచి సేనతో ఫెర్డినాండ్‌ని ఓడించాడు. ఫెర్డినాండ్ బ్రున్స్విక్ రాజకుటుంబీకుడు, బ్రిటిష్–జర్మన్ కూటమి సేనాపతి. జూలైలో ఫ్రెంచివాళ్ళు మిండెన్ కోట పట్టేశారు. ఫ్రెంచి సేనాపతి మార్షల్ కోంతాద్ అక్కడ తిష్ఠ వేసిన చోటు చూడండి: తూర్పున వేజర్ నది, ఎదురుగా బాస్టావ్ వాగు, దాని చుట్టూ బురద. అలాంటి చోట ఉన్నవాడి మీదికి పోవడం అవివేకం, వాణ్ణి బయటకు లాగాలి. ఫెర్డినాండ్ రెండు పనులు చేశాడు. తన సేనాని వాంగెన్‌హైమ్ దళాన్ని టోటెన్‌హౌజెన్ దగ్గర మిగతా సేనకు దూరంగా, ఎరలాగా నిలబెట్టాడు. తన అన్న కొడుకుకు సుమారు పదివేల మందినిచ్చి ఫ్రెంచివాళ్ళ సరఫరా దారి మీదికి గోఫెల్డ్ వైపు పంపాడు. ఆ దళం కూడా ఆగస్టు 1నే అక్కడ గెలిచింది.

కోంతాద్ ఎరను పట్టుకున్నాడు. జూలై 31 రాత్రి బాస్టావ్ మీద వంతెనలు వేసి సేనను దాటించాడు. తెల్లవారేసరికి బ్రోలీ వాంగెన్‌హైమ్‌ని దెబ్బ కొట్టాలన్నది పథకం. ఆ రాత్రి ఫ్రెంచి సేన నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఈ సంగతి చెప్పారు. కాపలా దళాల అధికారి ఆ వార్తను గంటల తరబడి తన దగ్గరే ఉంచుకుని, దాదాపు మూడు గంటలకు గానీ సేనాపతికి చేర్చలేదు. ఫెర్డినాండ్ అంతకుముందే ఒంటిగంటకల్లా గుర్రాలకు జీనులు వేసి సిద్ధంగా ఉండమని ఆజ్ఞ ఇచ్చి ఉండబట్టి నిలబడ్డాడు. ఈ యుద్ధంలో సేనాపతి చేసిన అన్నిటికన్నా మంచి పని ఇదేనని నేననుకుంటాను. బ్రోలీ ఏమో చోటికి చేరాక దూకలేదు, ఫిరంగులతో మాట్లాడుతూ కూర్చున్నాడు. అదాటున దెబ్బ కొట్టే అవకాశం చేజారిపోయింది.

కోంతాద్ చేసిన మరో పని ఇంకా ముఖ్యం. ఆ కాలపు రివాజు ప్రకారం కాల్బలం మధ్యలో, గుర్రాలు రెండు పక్కలా ఉండాలి. మధ్యలో నేల విశాలమైన బీడు కావడంతో ఆయన గుర్రపు దళాన్ని అక్కడ పెట్టాడు, కాల్బలాన్ని పక్కల ఊళ్ళ వైపు నిలబెట్టాడు. గుర్రం దాడి చేస్తుంది గానీ చోటును పట్టుకుని కాయలేదు. కాల్చే కాల్బలం దానికి అండగా దగ్గర్లో లేకపోతే, ఎదుటివాడి వరుస చెదరనంత వరకూ దానికి చేయగలిగింది లేదు.

ఇక ఆజ్ఞ సంగతి. ముందుకు కదిలినప్పుడు డప్పులు మోగించాలన్నది ఫెర్డినాండ్ మాట. ఆ మాట డప్పు మోగగానే కదలమన్నట్టుగా చేరింది. హనోవర్ సేనాని ఫోన్ స్పౌర్కెన్ కింద ఉన్న ఆరు బ్రిటిష్ పటాలాలు, వాటితోపాటు హనోవర్ పటాలాలు, పక్కవాళ్ళెవరూ రాకుండానే బయల్దేరాయి. ఆ ఆరు 12, 20, 23, 25, 37, 51 నంబర్లవి. రెండు పక్కల నుంచీ ఫ్రెంచి ఫిరంగులు కొడుతుంటే, పడినవారి చోట సందులు మూస్తూ నడిచాయి. నడుస్తూ వరుస చెడకుండా ఉండటం కాల్పుల కన్నా కష్టం: ఒకడు అడుగు ఎక్కువేస్తే సందు, ఒకడు ఆగితే వెనకవాడు గుద్దుకుంటాడు.

మొదటి గుర్రపు విడత, పదకొండు స్క్వాడ్రన్లు (గుర్రపు జట్లు), వచ్చింది. పది గజాల దాకా ఆగి పేల్చారు. ముందు వరుస గుర్రాలు కుప్పకూలాయి, దాటి వచ్చినవాళ్ళను బాయ్‌నెట్‌తో ఆపారు. రెండో విడతకూ అదే గతి. విడతకూ విడతకూ మధ్య దొరికిన వ్యవధిలో తుపాకులు నిండాయి, ఇదే కీలకం. మూడు గుర్రపు విడతలూ వెంటవెంటనే వచ్చి ఉంటే ఇరవై సెకన్లు దొరికేవి కావు. మూడోసారి జెండార్మరీ, కారబినియర్ దళాలు వచ్చాయి. ఇవి ఏరికోరి తీసిన రౌతులు. కొందరు ముందు వరుసను చీల్చుకుని లోపలికి దూరారు. వెనక వరుస వాళ్ళు గిరుక్కున తిరిగి ఆ రౌతుల వీపు మీద కాల్చారు. తర్వాత ఫ్రెంచి, సాక్సన్ కాల్బలం పక్క నుంచి వచ్చింది, అదీ ఆగలేదు. ఒక్క కాల్బల వరుస మూడు గుర్రపు వరుసలను చీల్చడం తాను సాధ్యమనుకోలేదని కోంతాద్ తర్వాత అన్నాడట.

ఖరీదు: ఆ ఆరు పటాలాల్లో సుమారు 4,400 మంది ఉంటే, 1,300 మందికి పైగా చచ్చారు లేదా గాయపడ్డారు. కూటమి మొత్తం నష్టం దాదాపు 2,800. అంటే సగానికి దగ్గరగా ఆ ఆరింటిదే. ఫ్రెంచివాళ్ళకు ఏడు వేలకు తగ్గకుండా పోయారు. వారిలో గ్రెనేడియర్ల కర్నలు ఒకాయన ఫిరంగి దెబ్బకు పడ్డాడు, ఆయన కొడుక్కి అప్పటికి రెండేళ్ళు కూడా లేవు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పేరుమోసిన లఫాయెత్ ఆ కొడుకే.

ఫ్రెంచి మధ్యభాగం పగిలిన ఆ గంటలో కూటమి గుర్రపు దళం దూకి ఉంటే బాస్టావ్ వంతెనల దగ్గర సేన సాంతం చిక్కేది. ఆ దళం లార్డ్ జార్జ్ శాక్‌విల్ చేతిలో ఉంది. కబురు మీద కబురు పంపినా ఆయన కదలలేదు, ఆజ్ఞలు ఒకదానికొకటి పొసగలేదన్నది ఆయన వాదన. 1760లో సైనిక న్యాయస్థానం ఆయన ఏ సైనిక పదవికీ తగడని తీర్పు చెప్పింది. అదే మనిషి జార్జ్ జెర్మెయిన్ అన్న పేరుతో మంత్రిగా తిరిగొచ్చి, అమెరికా యుద్ధాన్ని లండన్ నుంచి నడిపాడు. కోంతాద్ ఆ రాత్రే వేజర్ దాటి కాసెల్ వైపు వెనక్కి పోయాడు.

చందుర్తి దీనికి ఎనిమిది నెలల ముందు, 1758 డిసెంబర్‌లో. బుస్సీని ఫ్రెంచి సేనాపతి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాక ఇక్కడ ఫ్రెంచి సేన మార్కీ ద కోన్‌ఫ్లాన్స్ చేతికి వచ్చింది. 1759 నవంబర్‌లో క్విబెరాన్ దగ్గర ఓడిన ఫ్రెంచి నౌకాపతి కోన్‌ఫ్లాన్స్ వేరే మనిషి, ఇద్దరినీ కలిపేయకండి. విజయనగరం ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్ళతో చెడి, విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. చందుర్తి దగ్గర ఫోర్డ్ తెల్ల సిపాయిలు ఏపుగా పెరిగిన చేను వెనక మరుగుపడ్డారు. ఎర్రకోటు వేసుకున్న దేశీ సిపాయిలనే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచి పటాలం వాళ్ళ మీదికి దూకింది, తరిమింది, తరిమే ఊపులో తన వరుస చెడగొట్టుకుంది. అప్పుడు చేను పక్క నుంచి నిండు తుపాకులతో ఇంగ్లీషు వరుస వచ్చింది. చెదిరిన వరుస, ఖాళీ తుపాకులు, నింపడానికి ఇరవై సెకన్లు: మిండెన్ బీడులో ఫ్రెంచి రౌతులను కాల్చిన లెక్కే ఇక్కడ ఫ్రెంచి కాల్బలాన్ని కాల్చింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఫోర్డ్ వశమైంది, మే నెలలో నిజాం సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు.