తంగేడు కాని తంగేడు

"ప్రతి పసుప్పచ్చ పువ్వూ మీ ఊరిదే అనుకుంటావేంటమ్మా?" అంది మా పదకొండేళ్ళది.

ఆగస్టు నెల. ఇల్లినాయ్‌లో మా ఇంటి దగ్గరి ప్రెయిరీ గడ్డిమైదానం దారిలో నడుస్తున్నాం. మోకాలెత్తు మొక్క, చింతాకులాంటి ఆకులు, ఐదు రేకుల పసుపు పువ్వు. "తంగేడు!" అని కేకపెట్టి చెయ్యి చాపాను. "ఇక్కడ కోయకూడదు" అని వెనక్కి లాగింది. తంగేడైతే పొద, ఇదేమో ఒక్క ఏడాది బతికే మొక్కట. పేరు పార్ట్రిడ్జ్ పీ. రేకుల మొదట్లో ఎర్రటి మచ్చలు చూపించింది. ఆకు కాడ మీద గుండుసూది తలంత గ్రంథి, దాని తేనె కోసం తిరుగుతున్న చీమ. ఆకును వేలితో నిమరమంది. నిమిరాను. రెబ్బలు మెల్లగా దగ్గరికి ముడుచుకున్నాయి.

"అత్తిపత్తిలాగా!" అన్నాను.

"మళ్ళీ!" అంది.

నాకు ఓడిపోవడం నచ్చదు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. రెండూ ఒకప్పుడు కేసియా అనే ఒకే ప్రజాతిలో ఉన్నవే. తర్వాత తంగేడు సెన్నాలోకి, ఇది కమిక్రిస్టాలోకి వేరుపడ్డాయి. అంటే దాయాదులే కదా! పొద్దున టిఫిన్ దగ్గర గెలిచినట్టు చెప్పాను. "కూల్" అని దోసె తినేసి బస్సెక్కింది.

పిల్లలకు మన చెట్ల పేర్లు తెలుగులోనే చెప్పండని తోటి తల్లులకు సలహాలిచ్చేదాన్ని నేనే. పన్నెండేళ్ళుగా ఇక్కడుండి ఈ నేల మీది మొక్క ఒక్కటీ పేరుతో తెలియదు, అన్నీ పిచ్చిమొక్కలే. ఆ మాటకొస్తే సిద్దిపేటలోవీ గునుగు, తంగేడు దాటితే అంతంతే, అవైనా బతుకమ్మ పుణ్యం. మా అమ్మాయికి మాత్రం యాభై ఆరు అక్షరాలూ తప్పు లేకుండా రావాలి. రాకపోతే నాకు టెన్షన్. ఏటా బతుకమ్మను కొట్లో కొన్న చామంతులతో పేర్చి, ఇదే మన సంస్కృతి అని దానికి చెబుతుంటాను. నేర్పుతున్నానా, నా బెంగ దాని నెత్తిన పెడుతున్నానా?

పోయిన నవంబరులో మా అమ్మాయే పార్ట్రిడ్జ్ పీ విత్తనాలు తెప్పించి పెరట్లో చల్లింది. చలి తగిలితే బాగా మొలుస్తాయట. ఈ ఏడు పూశాయి. మన పెరడే కదా, బతుకమ్మకు కోసుకోవచ్చా అని అడిగాను. ముందు బంబుల్ బీల వాటా, తర్వాత కొన్ని నీకు అంది. పండగ నాటికి చాలావరకు కాయలైపోతాయని దానికీ తెలిసే ఉంటుంది.