పక్క లేన్ వాహనం వేగానికి నాకు వచ్చిన నోటీసు

గంటకు 50 కిలోమీటర్ల పరిమితి ఉన్న రోడ్డులో 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లానని నాకు నోటీసు వచ్చింది. కారు నాదే, నంబరు నాదే, తేదీ, సమయం కూడా సరిపోయాయి. వేగం మాత్రం నాది కాదు. ఆ దారిలో నేను తరచూ వెళ్తాను. కెమెరా ఉందన్న భయంతో కాదు, అక్కడ పిల్లలు రోడ్డు దాటుతుంటారని ఆ పరిమితిని ఎప్పుడూ పాటిస్తాను.

50కీ 72కీ మధ్య తేడా ఎంతో తెలిసినవాళ్లెవరూ ఆ ఆరోపణను తేలిగ్గా తీసుకోలేరు. వేగం సగం కూడా పెరగలేదు కదా అనిపిస్తుంది. కానీ ఢీకొన్నప్పటి శక్తి వేగం వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదానితో) పాటు పెరుగుతుంది కాబట్టి అది రెండింతలు దాటుతుంది. పొడి రోడ్డు మీద, బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, 50లో ఉన్న కారు దాదాపు 28 మీటర్లలో ఆగుతుంది. 72లో ఉన్నదానికి 48 మీటర్లకు పైనే కావాలి. ఆ 20 మీటర్లలో ఒక పిల్లవాడు ఉండవచ్చు. నేను అలా నడిపానని ఒక కాగితం అంటే ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

నోటీసులో రెండు దారులు చూపారు. గడువులోపు జరిమానా కడితే రాయితీ, అభ్యంతరం చెబితే ఆ రాయితీ ఉండదు. తెలిసినవాళ్లందరూ కట్టేయమనే అన్నారు. ఈ పద్ధతి నాకు చాలా అన్యాయంగా తోచింది. తప్పు చేయనివాడు నోరు తెరిస్తే ఎక్కువ కట్టాల్సి వస్తుందేమోనని భయపడాలా? ఒక మిత్రుడు మాత్రం స్పీడోమీటర్ తప్పు చూపించి ఉండవచ్చన్నాడు. ఆలోచించదగిన మాటే, కానీ నిలబడదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు, కొంత ఎక్కువ చూపవచ్చు. నా మీటరులో ముల్లు 50 దాటలేదు. అంటే అసలు వేగం అంతకు మించి ఉండే అవకాశం లేదు.

అభ్యంతరం రాసి, ఆధారాలు పంపమని అడిగాను. ముందు ఒక్క ఫోటో పంపారు, అదీ నంబర్ ప్లేటు వరకు కత్తిరించింది. దానితో పాటు, పరికరాన్ని సక్రమంగా పరీక్షించారనీ నోటీసు సరైనదేననీ అచ్చు వేసిన జవాబు. నా ఉత్తరంలో ఒక్క వాక్యమైనా ఎవరూ చదివినట్టు లేదు. మళ్లీ రాశాను. కత్తిరించని రెండు ఫోటోలు, వాటి మీద ముద్రించిన సమయం, వేగం వివరాలు, పరికరం సరిగ్గా కొలుస్తోందని పరీక్షించి ఇచ్చే క్యాలిబ్రేషన్ ధ్రువపత్రం కావాలని విడివిడిగా పేర్కొన్నాను. ఈసారి అన్నీ వచ్చాయి. అడిగేటప్పుడు పేరు పెట్టి అడగడమే పనిచేసింది. ఊరికే ఆధారాలు అంటే వాళ్లకు తోచిందే పంపుతారు.

రెండు ఫోటోలు ఎందుకో చెప్పాలి. రాడార్ కెమెరా రేడియో తరంగాలను పంపి, కదిలే వాహనాల మీద నుంచి తిరిగివచ్చే తరంగాల పౌనఃపున్యంలో మార్పును బట్టి వేగం లెక్కిస్తుంది. ఆ కిరణం ముందుకు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. అందులో రెండు వాహనాలు ఉంటే రెండింటి నుంచీ తరంగాలు తిరిగివస్తాయి. చదివిన వేగం ఏ వాహనానిదో పాతతరం యంత్రం తనంతట తాను చెప్పలేదు. అందుకే ఇలాంటి కెమెరాల్లో అర సెకను తేడాతో రెండు ఫోటోలు తీసి, రోడ్డు మీద గీసిన తెల్లని గుర్తుల మధ్య వాహనం ఎంత దూరం కదిలిందో చూసుకునే ఏర్పాటు పెట్టారు. డచ్చి ర్యాలీ డ్రైవరు మౌరిట్స్ గాట్సోనిడెస్ పేరుతో ఈ కెమెరాలు ప్రసిద్ధి. 1953 మాంటెకార్లో ర్యాలీ విజేత అతను. మలుపుల్లో తన వేగాన్ని కొలుచుకుని ఇంకా వేగంగా నడపడానికే మొదట ఈ పరికరం మీద పనిచేశాడు.

నా ఫోటోలను పెద్దవి చేసి చూశాను. రోడ్డు మీద గుర్తులు 2 మీటర్లకు ఒకటి. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, అర సెకనులో 10 మీటర్లు, అంటే గుర్తుల మధ్య ఐదు ఖాళీలు. నా కారు వెనుక చక్రం మూడు ఖాళీలు దాటి నాలుగో దానిలో కొంత దూరం మాత్రమే వెళ్లింది. అది 50 లోపే. ఐదు ఖాళీలూ దాటినది ఫోటోలో ఇంకొకటి ఉంది. పక్క లేన్ నుంచి నా ముందుకు ఏటవాలుగా చొరబడుతున్న వ్యాను. రెండు చక్రాలు అప్పటికే గీత దాటాయి. ఇండికేటర్ వెలగలేదు. దాని నంబర్ ప్లేటు రెండు ఫోటోల్లోనూ నా కారు చాటున పడింది. కనిపించిన నంబరు నాదొక్కటే, నోటీసు నాకు వచ్చింది.

క్యాలిబ్రేషన్ ధ్రువపత్రంలో లోపమేమీ లేదు. యంత్రం సరిగ్గానే కొలిచింది, ఆ కొలతను వేరే కారుకు అంటగట్టారు. ఈ తేడా పట్టుకున్నాక నా వాదన మారింది. కెమెరా చెడిపోయిందని వాదించి ఉంటే ఆ ధ్రువపత్రం చూపించి పంపేసేవారు. విచారణకు వెళ్లినప్పుడు యంత్రం గురించి ఒక్క మాట అనలేదు. గుర్తుల లెక్క ఒక కాగితం మీద రాసి, ఫోటోల పక్కన పెట్టాను. అధికారి స్వయంగా స్కేలు పెట్టి కొలిచారు. ఆ తరువాత సంభాషణ చాలా తక్కువ. నోటీసు రద్దయింది.

అయితే వ్యాను సంగతి ఏమిటని అడిగాను. నంబరు కనిపించలేదు కాబట్టి ఏమీ చేయలేమన్నారు. నిజమే, చేయలేరు. కానీ నాకు అసలు కోపం అక్కడే వచ్చింది. వేగానికి కెమెరా ఉంది, ఎర్ర దీపానికి కెమెరా ఉంది. ఇండికేటర్ వేయకుండా లేన్ మారేవాడిని, ఓవర్‌టేక్ చేయడానికి ఉన్న లేన్‌లో తాపీగా సాగుతూ వెనుకవాళ్లందరినీ తప్పు వైపు నుంచి దాటేలా నెట్టేవాడిని, చివరి క్షణంలో మూడు లేన్లు అడ్డంగా కోసి మలుపులోకి దూరేవాడిని ఎవరు ఆపుతున్నారు? జర్మనీ ఆటోబాన్‌లో చాలా భాగాలకు శాశ్వత వేగ పరిమితి లేదు, 130 సిఫారసు మాత్రమే. అంత వేగాల్లోనూ ఆ రోడ్లు సాగడంలో లేన్ నియమాలకు పెద్ద పాత్ర ఉందని నా నమ్మకం. అక్కడ వాహనాలు కుడి వైపున నడుస్తాయి కాబట్టి, ఖాళీ ఉంటే కుడి అంచుకు జరగాలి, కుడి వైపు నుంచి దాటకూడదు. వీటిని అక్కడి పోలీసులు గట్టిగా పట్టించుకుంటారు.

పరిమితులు ఎత్తేయాలని నేను అనను. అవి ఉన్నచోట పాటించేవాడికి నమ్మకం కలగాలి. ఒకే చోట నిలబెట్టిన కెమెరా దగ్గర అందరూ ఒక్కసారిగా బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ వేగం పెంచడం రోజూ చూస్తున్నాను. వెనుక ఉన్నవాడికి అది అపాయం. రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగించి సగటు వేగం తీసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అందులో ప్రతి వాహనాన్నీ దాని నంబరుతోనే రెండుసార్లు గుర్తిస్తారు. నాకు జరిగినట్టు ఒకరి వేగం ఇంకొకరికి అంటుకునే అవకాశం దాదాపు ఉండదు.

ఇలాంటి నోటీసు వచ్చి, అది మీ వేగం కాదని మీకు నమ్మకం ఉంటే, గడువు దాటకముందే అభ్యంతరం నమోదు చేయండి. కత్తిరించని ఫోటోలు రెండూ అడగండి. ఫోటోలో రెండో వాహనం ఉందా అన్నది మొదట చూడండి. తరువాత గుర్తులు లెక్కపెట్టండి. ఫోటోల మధ్య సమయం అర సెకనే అనుకోకండి, వాటి మీద ముద్రించినదే తీసుకోండి. ఫోన్లో మాట్లాడినదాన్ని కూడా అదే రోజు ఉత్తరంగా రాసి పంపండి.

రద్దు పత్రం అందాక ఆ కార్యాలయానికే ఇంకో ఉత్తరం రాశాను. ఒకే ఫోటోలో రెండు వాహనాలు పడినప్పుడు, నోటీసు పంపకముందే ఒక మనిషి గుర్తులను కొలిచి చూడాలని కోరాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఏం పరిశీలించారో చెప్పమని మళ్లీ రాశాను.