పిన్నులు మూడు, లోపల తీగలు రెండే: ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్న నా అనుభవం

విజయవాడ పటమటలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో చెక్కపని చేసుకుంటాను. పాత బాక్సు ప్లగ్గు కాలి నల్లబడడంతో గత వారం కొత్తది కొనవలసి వచ్చింది. లెక్క సులువే. రంపం మిషను 1400 వాట్లు; 230 వోల్టులతో భాగిస్తే మామూలు ప్లగ్గు మోసే 6 ఆంపియర్లు దాటుతుంది కనుక 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. వరండాలోని పవర్ పాయింటు నుండి షెడ్డు దాకా 20 మీటర్ల తీగ పడుతుంది.

గవర్నర్‌పేటలోని ఒక దుకాణంలో మూడు కోర్లది (అంటే తొడుగు లోపల మూడు విడి తీగలున్నది), ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగది కావాలని స్పష్టంగా అడిగాను. "ఇదే సార్, త్రీ పిన్" అంటూ సిద్ధంగా ఉన్న బాక్సు ఒకటి చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి బెంచ్ గ్రైండరు ఇనుప ఒంటిని తాకగానే చెయ్యి జివ్వుమంది. మెయిన్ ఆపి ప్లగ్గు విప్పాను. పైనున్న లావుపాటి ఎర్త్ పిన్ను మర తళతళలాడుతోంది; దానికి ఏనాడూ తీగ బిగించినట్టు లేదు. వైరు చివర కోసి చూస్తే ఉన్నవి రెండే కోర్లు. బ్లేడుతో గీరితే రాగి పూత కింద తెల్లని అల్యూమినియం బయటపడింది.

మర్నాడు వాపసు ఇవ్వడానికి వెళ్తే, విప్పిన సరుకు వెనక్కి తీసుకోబోమన్నారు. అంతటితో ఆగక, "ఇంట్లో చేసుకునే వడ్రంగానికి ఎర్త్ ఎందుకండీ పెద్దాయనా?" అని కొట్టు యజమాని అనగానే, నిలబడ్డ పదిమందీ నవ్వారు. ఇనుప ఒంటికి కరెంటు తగిలినప్పుడు అది ఎర్త్ తీగ గుండా పోయి ఫ్యూజు కొట్టేయాలని, ఆ తీగే లేకపోతే దారి మన ఒళ్లేనని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ అవమానంలో ఒక్క ముక్కా నోట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడ నవ్వినవారి ఇళ్లలోనూ అలాంటి బాక్సులే ఉంటాయేమోనన్న దిగులు ఇప్పటికీ పోలేదు.

ఇక రెడీమేడ్ బాక్సు ముట్టనని నిశ్చయించుకుని, వేరే చోట వైరు తొడుగు మీద ఐఎస్ఐ గుర్తు, ఇలాంటి తీగల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 694 అన్న అచ్చు చదివి, మూడు కోర్ల ఒకటిన్నర తీగ 20 మీటర్లు కొలిపించుకున్నాను. 0.75 తీగ చవకే కానీ, అంత పొడవుకు దాని నిరోధం ఒకటిన్నర తీగకు రెట్టింపు. రంపం మొదలయ్యేటప్పుడు వోల్టేజీ పడిపోయి మోటారు ఈడ్చుకుంటుంది. ప్లగ్గు, సాకెట్టు నేనే బిగించి, ప్లగ్గు ఎర్త్ పిన్ను నుండి సాకెట్టు ఎర్త్ రంధ్రం దాకా తీగ తెగకుండా కలిసిందో లేదో మల్టీమీటరుతో చూసుకున్నాను. ఒకదానిలో ఒకటిగా రెండు చదరాల గుర్తున్న, అంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న, చేతి డ్రిల్లుకు ఎర్త్ అక్కరలేదు, గ్రైండరుకు తప్పనిసరి. వైరును చుట్టగా ఉంచి వాడితే లోపలి వేడి బయటకు పోదు కనుక పూర్తిగా పరిచే వాడుతున్నాను. పాయింటు ముందు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు కూడా పెట్టించాను.

నిన్న ముప్పావుగంట టేకు పలకలు కోసిన తరువాత వైరును ఈ చివర నుండి ఆ చివర దాకా తడిమి చూశాను. ఎక్కడా వేడి లేదు. గవర్నర్‌పేట దుకాణంలో అంటగట్టిన బాక్సు నుండి విప్పిన ఆ ప్లగ్గును షెడ్డులో మేకుకు వేలాడదీశాను. మా వీధిలో ఎవరు బాక్సు కొనబోతున్నా ముందు పిలిచి దానిని చూపిస్తున్నాను.