నీలం జీన్స్

పొద్దున్నే బీరువాలోంచి ఆ నీలం జీన్స్ తీశా, ఎందుకు తీశానో నాకే తెలీదు, తొడల దగ్గరే ఆగిపోయింది. మంచం మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయా కాసేపు. తర్వాత బరువు చూసుకున్నా, 67. డిప్రెషన్‌కి టాబ్లెట్ మొదలుపెట్టిన రోజు 52.

మూడేళ్ళుగా ఈ 15 కిలోల లెక్కే వేసుకుని ఏడుస్తున్నా కానీ ఆ 52 అసలు నా బరువే కాదని ఇవాళ గుర్తొచ్చింది. అప్పుడు ఆకలన్నదే లేదు, నాలుగు ముద్దలు తింటే గొప్ప, నిద్ర లేదు, 58 ఉండేదాన్ని అలా చిక్కిపోయా. మందు పనిచేయడం మొదలయ్యాక ఐదారు నెలల్లో మళ్ళీ 58కి వస్తే అమ్మ ఎంత సంబరపడిందో, మొహం తేటపడిందే నీకు అని. ఆ ఆరు కిలోలు నేను కోలుకున్నందుకు వచ్చినవి, వాటిని మందు మీద వెయ్యకూడదు. మిగతా 9 మాత్రం రెండో ఏడు, మూడో ఏడు చడీచప్పుడు లేకుండా వచ్చి చేరాయి.

బ్రిటన్‌లో దాదాపు 3 లక్షల మంది రికార్డులు చూసి 2018లో వేసిన స్టడీ ఒకటి ఉంది, అందులోనూ ఇదే, డిప్రెషన్ మందులు వాడేవాళ్ళలో బరువు పెరిగే రిస్క్ మందు మొదలుపెట్టాక రెండో, మూడో సంవత్సరాల్లోనే ఎక్కువ కనిపించిందని. నాకు సరిగ్గా అప్పుడే, పాత డాక్టర్ బాగానే ఉన్నావు కదా ఆర్నెల్లకోసారి వస్తే చాలు అన్నారు, ఒక్కసారి కూడా బరువు చూడలేదు. మొదట్లోనే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది, నా తిండే అదుపులో లేదేమో, నాదే బద్ధకమేమో అని ఇన్నాళ్ళు నన్ను నేను తిట్టుకునేదాన్ని కాదు.

పోయినేడు ఎవరికీ చెప్పకుండా టాబ్లెట్ ఆపేశా. నాది పరాక్సిటిన్, ఒంట్లోంచి తొందరగా పోయే రకం, రెండో రోజుకే తల తిరగడం, మెడ తిప్పితే తల్లో కరెంట్ కొట్టినట్టు జివ్వుమనడం, అయినదానికీ కానిదానికీ ఏడుపు. వారం కూడా తట్టుకోలేక మళ్ళీ మొదలుపెట్టా. ఒక్క కిలో కూడా తగ్గలా. దయచేసి ఎవరూ అలా చెయ్యకండి, నేను చాలా భయపడ్డా.

ఇవాళ సాయంత్రం కొత్త డాక్టర్ మేడమ్‌తో నోరు తెరిచి చెప్పేశా, మేడమ్ నాకు ఈ బరువు వల్ల మందంటేనే విసుగొస్తోంది అని. ఆవిడ తీసిపారేయలేదు, అదే పెద్ద రిలీఫ్. పరాక్సిటిన్‌తో బరువు పెరగడం మామూలేనమ్మా, మిర్టాజపిన్ అని ఇంకో డిప్రెషన్ మందు, దాంతో అయితే ఇంకా ఎక్కువ, అది ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి ఆకలీ నిద్రా రెండూ పెరుగుతాయి, బుప్రోపియాన్ అనే మందుతో మాత్రం బరువు పెద్దగా పెరగదు అన్నారు. అయితే అది అందరికీ పడదట, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అని రెండుసార్లు అడిగారు. ముందు థైరాయిడ్, షుగర్ టెస్టులు, అవి చూశాక మార్చాలంటే డోసు కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మారుద్దాం, అప్పటిదాకా ఒక్కపూట కూడా మానొద్దు అన్నారు.

ఇంటికొచ్చి చెల్లికి ఫోన్ చేశా, జీన్స్ నువ్వు తీసుకుంటావా అని. పొడవు తగ్గించుకోవాలి అక్కా, అయినా ఇచ్చెయ్ అంది. మడతపెట్టి కవర్లో పెట్టా.