రెండు హైదరాబాద్‌లు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న గ్రైండర్లో దోసెల పిండి తిరుగుతుండగా నాన్న ఫోన్.

"అమ్మా, నువ్వు పెట్టిచ్చిన ఆ నోట్సు యాప్ పని చెయ్యట్లేదు."

"తెరుచుకోవట్లేదా?"

"తెరుచుకుంటోంది."

"మరి?"

"హైదరాబాద్‌లు ఎక్కువొస్తున్నాయి."

గ్రైండర్ ఆపి ఇంకో పది ప్రశ్నలు వేస్తేగానీ సంగతి తేలలేదు. నాన్న ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా రిటైరయ్యాడు. పేపర్లో ఆర్టీసీ వార్త ఏదొచ్చినా ఆ యాప్‌లో దాస్తాడు, దానికి ఊరి పేరే ట్యాగు. ఇప్పుడు ట్యాగుల జాబితాలో హైదరాబాద్ రెండుసార్లు కనిపిస్తోంది. ఒకదాని పక్కన 41 అని, ఇంకోదాని పక్కన 6 అని. ఇందులో ఉన్నవి అందులో లేవు.

నాకిది కొత్త కాదు. నెల క్రితమే ఆయన ఫోన్లో చూసి, ఆ యాప్ తయారుచేసేవాళ్ళకి బగ్ రిపోర్టు, అంటే ఫలానా తప్పు ఉందని ఫిర్యాదు, రాసి పడేశాను. ఓపెన్ సోర్స్ యాప్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, పైసా తీసుకోరు. నడిపేది ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునే ఇద్దరు ముగ్గురు.

మధ్యాహ్నం ఆ పాత రిపోర్టు తెరిచి చదువుకుంటే సిగ్గేసింది. పైన పేరు: తెలుగు సరిగ్గా పని చేయడం లేదు. కింద ట్యాగుల గొడవ, నల్ల తెర మీద అక్షరాలు ఆనడం లేదన్న గొడవ, బ్యాకప్ ఆలస్యమవుతోందన్న గొడవ. మూడు ఏడుపులు ఒకే చోట. పైగా 'మీ డేటాబేస్ యూనికోడ్‌ని చెడగొడుతోంది' అని నా తీర్పొకటి. వాళ్ళ డేటాబేస్ మొహం నేనెప్పుడు చూశాను గనక? ఆధారంగా ఒక స్క్రీన్‌షాట్.

జవాబు మర్యాదగానే వచ్చింది. వెర్షన్ ఎంత, ఏమేం చేస్తే ఇలా అవుతోంది, ఆ రెండు పదాల స్పెల్లింగూ ఒకటేనా, మాకు తెలుగు చదవడం రాదు. ఆ స్పెల్లింగు ప్రశ్నకి నాకు ఒళ్ళు మండింది. కళ్ళెదురుగా కనపడుతుంటే అడుగుతారేంటి అని జవాబే ఇవ్వలేదు. మూడు వారాలు చూసి, మా దగ్గర ఇలా అవడం లేదని మూసేశారు. మూయక ఏం చేస్తారు?

సరే, ఇవాళ పద్ధతిగా చేద్దామని కూర్చున్నా. నాన్న ఫోన్లో వెర్షన్ ఏడు నెలల పాతది. ఈపాటికి బాగుచేసేశారేమో, పాతదాని మీద రాసి ఏం లాభం? నా లాప్‌టాప్‌లో కొత్తది ఎక్కించా. నాన్న బ్యాకప్ ఫైలు వాట్సాప్‌లో తెప్పించుకుని అలాగే జత చేద్దామనుకున్నా గానీ, పంపేముందు ఎందుకో తెరిచి చూశా. చిట్టీ లెక్కలు, అమ్మ షుగరు రీడింగులు, బాబాయితో పొలం గట్టు తగాదా... అన్నీ అందులోనే. బగ్ రిపోర్టు ఒకసారి పెట్టాక ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు. ఆ ఫైలు పక్కన పడేసి, ఖాళీ యాప్‌లో రెండు నోట్సులు రాసి, రెంటికీ హైదరాబాద్ అని ట్యాగు కొట్టాను.

ఒక్కటే వచ్చింది. బగ్ లేదు.

అరగంట కిందా మీదా పడ్డాను. చివరికి నాన్నకే ఫోన్ చేశా.

"ఆ ఆరింటికీ ట్యాగు ఎలా పెట్టావు నాన్నా?"

"వాటికి కొట్టలేదమ్మా. వార్తలోంచే కాపీ చేసి అతికించా."

అదీ అసలు సంగతి! నేనూ ఒక పత్రిక సైటు నుంచి ఆ పదం కాపీ చేసి అతికించాను. రెండో హైదరాబాద్ ఠక్కున ప్రత్యక్షం. రాతకోతల సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో పెట్టి, పదం చివర కర్సర్ ఉంచి ఆల్ట్, ఎక్స్ నొక్కితే అక్షరం విడిపోయి కోడ్‌గా మారుతుంది. మనం కొట్టిన హైదరాబాద్‌లో తొమ్మిది కోడ్లు, అంటే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో అక్షరానికీ గుర్తుకీ ఇచ్చే నంబర్లు. కాపీ చేసినదాంట్లో పది. ఆ పదోది 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు 'వే' వత్తుగా కిందకి దిగిపోకుండా ఆపేది అదే. పదం చివర దానికి పనేమీ లేకపోయినా చాలా సైట్లలో పొల్లు వెనకాల తోకలా ఉండిపోతుంది. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' ఒకటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి చూడండి, అందులోనూ ఞకీ దీర్ఘానికీ మధ్య ఇదే దాక్కుని ఉంది. 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు.

అంటే వాళ్ళడిగిన ప్రశ్న సరైనదే. స్పెల్లింగు ఒకటి కాదు! స్క్రీన్‌షాట్‌లో ఈ జన్మకి కనపడదు.

ఇక రాయడం. పేరు మార్చాను: 200సి ఒక్కటే తేడా ఉన్న ట్యాగులు రెండుగా కనిపిస్తున్నాయి. తెలుగు అనే మాట పేరులో లేనే లేదు. కింద యాప్ వెర్షన్, నా లాప్‌టాప్ నడిచే సిస్టమ్ ఉబుంటు అని. ఖాళీ యాప్ తెరవండి, ఈ మొదటి పదాన్ని కాపీ చేసి ట్యాగుగా పెట్టండి, ఇంకో నోటుకి ఈ రెండోది పెట్టండి, జాబితా చూడండి. తెలుగు రానివాడు కూడా నిమిషంలో చేయగలడు. ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నాను, అంతే. ఎందుకు జరిగిందో నాకు తెలియదు కాబట్టి రాయలేదు. ఒక్క మాట మాత్రం చేర్చా. పోల్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చాలు, రాసినదాంట్లోంచి మాత్రం తీసేయొద్దు. తీసేస్తే రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అయి కూర్చుంటాడు. నల్ల తెర సంగతి, బ్యాకప్ సంగతి వేరే రోజు, విడివిడిగా.

పంపబోతూ 200సి అని వెతికితే, రెండేళ్ళ నాటి రిపోర్టు ఒకటి తెరిచే ఉంది! పర్షియన్ రాసే ఒకాయన పెట్టాడు. వాళ్ళకి ఈ కనపడని అక్షరం రోజూ మాటల లోపల కావాల్సిందేనట. కింద పదకొండు మంది 'నాకూ ఇంతే' అని రాసి పోయారు. కాపీ చేసి చూసుకోవడానికి ఒక్కరూ రెండు పదాలివ్వలేదు. కొత్తది తెరవకుండా నేను రాసిందంతా ఆయన కిందే పెట్టి, మూసేసిన నా పాతదాంట్లో ఆ లంకె ఇచ్చి, ఆలస్యానికి క్షమించమన్నాను.

సాయంత్రం నాన్న మళ్ళీ ఫోన్.

"అయిపోయిందమ్మా. రెండూ తీసేసి హైదరాబాదు అని పెట్టుకున్నా."

"చివర ఉకారం పెట్టావా?"

"మన మాట పొల్లుతో ఆగుద్దా ఎక్కడన్నా? రిజిస్టర్లో ఎప్పుడూ అలాగే రాసేవాణ్ణి."

పొల్లే లేనప్పుడు దాని వెనక తోక ఎక్కడిది! బాగయ్యేలోపు వాడుకోదగ్గ ఉపాయం ఏదైనా ఉంటే రాయడం మంచిదే కదా అని మళ్ళీ రిపోర్టు దగ్గరికెళ్ళాను. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి, కొట్టేసి, చివరికి ఒక్క వాక్యం ఉంచాను: మా నాన్న పదం చివర ఒక అచ్చు చేర్చుకున్నారు.

పడుకునే ముందు చూస్తే ఆయన నుంచి మెసేజ్. నిజామాబాదు, ఆదిలాబాదు అయ్యాయట, మహబూబాబాదు మీద ఉన్నాడు.