గోల్డెన్ ఏజ్‌ని సాగదీయడం

దసరా సెలవులకు బావ హన్మకొండ వస్తే మా ఇద్దరికీ పగలంతా సివిలైజేషన్ 5 అనే రాజ్యాలు కట్టే కంప్యూటర్ గేమ్‌తోనే సరి, ఒకటే ల్యాప్‌టాప్, హాట్‌సీట్‌లో వంతులవారీగా. ఎంగిలిపూల రోజు ఇంట్లోవాళ్లు బతుకమ్మ ఎత్తుకుని వేయిస్తంభాల గుడికి బయలుదేరేదాకా లేవలేదు.

నేను పర్షియా తీసుకున్నా. మొదటి గ్రేట్ ఆర్టిస్ట్ (వాడేస్తే గోల్డెన్ ఏజ్, అంటే రాజ్యానికి కొన్ని టర్నుల స్వర్ణయుగం, తెచ్చే కళాకారుడు) పుట్టగానే బావ "గోల్డెన్ ఏజ్ పెట్టెయ్, దాచుకుని ఏం జేస్తవ్?" అన్నాడు. పెట్టలేదు. అప్పటికి నా రాజధానిలో చిచెన్ ఇట్జా అనే అద్భుత కట్టడం సగమే అయింది మరి.

ఈ ఆటకి వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ ఎక్స్‌పాన్షన్‌లో, స్టాండర్డ్ స్పీడ్ మీద, ప్రజల మిగులు సంతోషం ఒక కౌంటర్‌లో చేరి నిండితే వచ్చే గోల్డెన్ ఏజ్ 10 టర్నులు, ఆర్టిస్ట్‌ని వాడితే వచ్చేది 8. పర్షియాకి పుట్టుకతోనే 50 శాతం ఎక్కువ, చిచెన్ ఇట్జా ఉంటే ఇంకో 50 శాతం. అంటే 10 కాస్తా 20, 8 కాస్తా 16. బావ మాట విని అప్పుడే వాడేసుంటే 12 తో అయిపోయేది. ఆ నాలుగు టర్నులు చిన్నవేం కాదు, ఎందుకంటే ఆ కాలమంతా ప్రొడక్షన్, కల్చర్ 20 శాతం పెరుగుతాయి, బంగారం ఇచ్చే ప్రతి టైల్ ఇంకొకటి ఎక్కువ ఇస్తుంది, పర్షియా సైన్యమైతే ఒక అడుగు ఎక్కువ నడుస్తుంది, 10 శాతం గట్టిగా కొడుతుంది కూడా. ఆర్టిస్ట్‌తో గ్రేట్ వర్క్ (కళాఖండం) చేయించుకోవచ్చు, కల్చర్ విక్టరీకి ఆడేవాళ్లకు అదే మంచిది. పర్షియాతో మాత్రం నేను చేయించను.

టర్నులు పెంచడం కంటే నాకు ముఖ్యమనిపించేది ఇంకోటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. గోల్డెన్ ఏజ్ నడుస్తున్నంతసేపు మిగులు సంతోషం పైనున్న కౌంటర్‌లో చేరదు, అది ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు ప్లస్ 15 పెట్టుకుని కూర్చుంటే ఏం లాభం? కొత్త ఊళ్లు కట్టాల్సింది, పక్కవాడి ఊరు గెలిచి పపెట్ (మన కింద తనంతట తానే నడిచే ఊరు) చేసుకోవాల్సింది సరిగ్గా అప్పుడే. ఊళ్లు పెరిగి సంతోషం సున్నా దాకా జారినా నష్టం లేదు, మైనస్‌లోకి పోకుండా చూసుకుంటే చాలు, పోతే జనాభా ఎదుగుదల పడిపోతుంది. చివరి నాలుగైదు టర్నుల్లో సంతోషం పెంచే కొలోసియంలు కొనేసి, పక్క రాజ్యాలతో లగ్జరీ సరుకులు మార్చుకుని మళ్లీ పైకి తెచ్చుకోవాలి. కౌంటర్ నిండడానికి కొంచెమే తక్కువున్నప్పుడు ఆర్టిస్ట్‌ని వాడితే ఇంకా బాగుంటుంది, ఆ 16 అయిపోయిన ఒకటి రెండు టర్నులకే 20 మొదలవుతుంది. తాజ్ మహల్ కూడా పూర్తవగానే గోల్డెన్ ఏజ్ ఇస్తుంది కాబట్టి ఒక్క టర్ను మిగిల్చి ఆపుకుంటా.

ఈసారి అట్లనే ఆడిన. 16 టర్నుల్లో మూడు ఊళ్లు కట్టా, రెండు టర్నుల గ్యాప్, ఆ తర్వాత 20. ఆ ఇరవైలోనే నా ఇమ్మోర్టల్స్ (పర్షియా బల్లెం సైనికులు) బావ రోమ్ గోడల దాకా పోయాయి. సద్దుల బతుకమ్మ నాటికి బావ అడిగింది ఒక్కటే: "వచ్చే ఆటల పర్షియా నాకియ్యి."