ముప్పందల్ గాలి

అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు హైవేని వదలకుండా దక్షిణానికి వెళ్తే చివరికి కన్యాకుమారి వస్తుంది. ఆ దారిలో ఆషాఢ మాసంలో వెళ్లాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. అసలు ఆశ అక్కడికి దగ్గర్లోని ముప్పందల్‌లో కరెంటు తీసే గాలిమరల మీద. మా పిన్ని కొడుకు అక్కడ మెయింటెనెన్స్ పని చూస్తాడు. "వస్తే సీజన్‌లోనే రా అన్నా, జనవరిలో వస్తే కదలని రెక్కలు చూసి పోతావు" అని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు.

కోవిల్‌పట్టి దాటాక కయత్తార్‌లో ఆగాం. వీరపాండ్య కట్టబొమ్మన్‌ని ఇంగ్లీషువాళ్లు 1799లో ఉరితీసింది ఇక్కడే. తెలుగు మూలాలున్న పాళెగాడాయన. స్మారకం దగ్గర దణ్ణం పెట్టుకున్నాం. గాలిమరలని పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కేంద్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఇక్కణ్ణుంచి రోడ్డుకి అటూ ఇటూ మరలు కనబడుతూనే ఉంటాయి. తిరునెల్వేలి, నాంగునేరి, వళ్లియూర్ వరుసగా దాటిపోయాం. పణగుడి వచ్చేసరికి కుడిచేతి వైపు పడమటి కనుమలు బాగా దగ్గరకొచ్చాయి. కావల్‌కిణరు దగ్గర నాగర్‌కోయిల్ దారి పట్టాం.

ముప్పందల్ ఇసక్కి అమ్మవారి గుడి దగ్గర కారు ఆపి తలుపు కొంచెం తెరిచానో లేదో, గాలి దాన్ని చేతిలోంచి లాగేసుకుంది. ఆడి మాసపు (దాదాపు మన ఆషాఢం) గాలికి సన్నికల్లు కూడా కదులుతుందని తమిళంలో సామెత ఉంది. అక్కడ నిలబడితే నమ్మకం కలుగుతుంది. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి గాలికి పొడవునా కనుమలు అడ్డం. అరల్వాయ్‌మొళి దగ్గర మాత్రం కొండల మధ్య సందుంది. ఎక్కడెక్కడి గాలీ ఆ ఇరుకులోకి దూరి, వేగం పుంజుకుని ఇటు పడుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఇదే వరస.

వేగానికి ఇంత విలువ ఎందుకో తమ్ముడు లెక్క వేసి చూపించాడు. గాలిలోని శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. సెకనుకి 5 మీటర్ల గాలి 6 మీటర్లయితే మనకి పెద్ద తేడా తెలియదు. కానీ ఘనం చూస్తే 125 కాస్తా 216 అవుతుంది, అంటే దాదాపు ముప్పావు వంతు ఎక్కువ. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. సాధారణంగా 3, 4 మీటర్ల గాలికి మెషిన్ కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది. 12 మీటర్లు దాటాక పూర్తి సామర్థ్యానికి చేరుతుంది. 25 దాటితే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మెషిన్ ఎంత మంచిదైనా, ఎక్కడ పెట్టామన్నదే సగం కథ తేల్చేస్తుందని నాకు అక్కడే అర్థమైంది.

ఒక పాత మెషిన్ కిందికి తీసుకెళ్లాడు. ఇనుప కమ్ముల టవరు, 250 కిలోవాట్లది. గాలి రెక్కని వెనక నుంచి తోస్తుందని చాలామంది అనుకుంటారు. విమానం రెక్కకున్నట్టే దీనికీ ఒంపు ఉంటుంది. ఆ ఒంపు మీదుగా పోయే గాలి రెక్కని ఒక పక్కకి లాగుతుంది, ఆ లాగుడుకే రోటర్, అంటే రెక్కల చక్రం, తిరుగుతుంది. నిమిషానికి 40 చుట్లు తిరిగే ఇరుసుని గేర్‌బాక్స్ వెయ్యి చుట్లకి పెంచి జనరేటర్‌కి అందిస్తుంది. తక్కువ గాలి రోజులకి అందులో 50 కిలోవాట్ల ఏర్పాటు వేరే ఉంది. గాలి పెరగ్గానే చిన్నదాన్నుంచి పెద్దదానికి మారుతుంటే కింద ప్యానెల్‌లో టక్కుమని చప్పుడైంది.

గాలిలో ఉన్నదంతా పిండుకోవడం కుదరదు. అంతా లాగేసుకుంటే గాలి రెక్కల వెనకే నిలిచిపోతుంది, ముందు నుంచి కొత్త గాలికి దారుండదు. అందులో 59.3 శాతం మించి ఏ యంత్రమూ తీసుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే లెక్క తేల్చాడు. మంచి మెషిన్లు ఇప్పుడు 40, 45 శాతం దాకా అందుకుంటున్నాయి. వేడికి గాలి పలచబడి కూడా కొంత శక్తి పోతుంది. సముద్రమట్టంలో 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగితే, 40 డిగ్రీల ఎండలో 1.13 కిలోలకి తగ్గుతుంది.

మరమ్మతుకి దించిన రెక్క ఒకటి షెడ్డు పక్కన పడుకోబెట్టి ఉంది. గాలిని కోసే అంచు మీద వేలు పెట్టి చూశాను. గరుకు కాగితంలా ఉంది. తెల్లటి పూత లేచిపోయి లోపలి ఫైబర్ పోగులు బయటపడ్డాయి. చచ్చిన పురుగుల మరకలు వేరే. కిందనుంచి చూస్తే రెక్కలు తాపీగా తిరుగుతున్నట్టే ఉంటాయి. కానీ కొస గంటకి రెండొందల కిలోమీటర్లకి పైగా వేగంతో పోతుంది. ఆ వేగంలో ఇసుక రేణువు కూడా దెబ్బే. అంచు గరుకైతే గాలి రెక్కని అంటిపెట్టుకుని పోదు, లాగుడు తగ్గిపోతుంది. "పైకెక్కి కడిగితేనే జనరేషన్‌లో తేడా కనబడుతుంది అన్నా" అన్నాడు.

మేం మాట్లాడుతుండగానే ఫీడర్, అంటే ఇక్కడి కరెంటుని సబ్‌స్టేషన్‌కి మోసే లైను, ట్రిప్ అయి ఆగిపోయింది. హోరున గాలి వీస్తుంటే మెషిన్లన్నీ బ్రేకులు వేసుకుని నిలబడ్డాయి. ఈ పాతరకం జనరేటర్లకి అయస్కాంతశక్తి కోసం గ్రిడ్ నుంచే కరెంటు కావాలి. లైను పోతే ఇవీ పోతాయి. అంత గాలి ఊరికే పోతుంటే ప్రాణం ఉసూరుమంది.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకోటి. అందరికన్నా ముందొచ్చినవాళ్లు మంచి గాలి ఉన్నచోటే పెట్టారు. అందుకే దేశంలో ఉత్తమమైన గాలి తగిలే ఈ నేలలో చాలా భాగం ఇంకా పాత చిన్న మెషిన్ల చేతిలోనే ఉంది. వీటి రోటర్ వ్యాసం దాదాపు 30 మీటర్లు. ఇప్పుడొచ్చేవి 120 మీటర్లు దాటుతున్నాయి, అంటే గాలిని పట్టే వైశాల్యం పదహారు రెట్లు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి వేగమూ ఎక్కువే. పాతవాటిని తీసి కొత్తవి పెట్టడానికి కేంద్రం 2016లో ఒక విధానం తెచ్చింది, 2023లో సవరించింది. పని మాత్రం నెమ్మదిగా సాగుతోంది.

ఎందుకని అడిగితే తమ్ముడు చుట్టూ చూపించాడు. "ఆ మెషిన్ ఒక నూలుమిల్లుది, పక్కది ఇంకొకరిది. కొత్తది పెడితే దాని వెనక ఐదారొందల మీటర్లు ఖాళీ వదలాలి, లేకపోతే వెనకున్నవాటికి చెదిరిన గాలే దక్కుతుంది. అంటే ఈ ఓనర్లందరూ ఒకచోట కూర్చుని ఒప్పుకోవాలి. లైన్లు, సబ్‌స్టేషన్ కూడా పెంచాలి."

ఆ ఓనర్లని కూర్చోబెట్టే బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. మా ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద తొంభైల్లో పెట్టిన చిన్న మెషిన్లదీ ఇదే సమస్య. కొత్త కొండలు వెతుక్కునే ముందు అక్కడి గాలిని సరిగ్గా వాడుకోవాలి. ఈలోగా లైను వచ్చిందని ఫోన్ మోగింది. తమ్ముడు మెషిన్లు స్టార్ట్ చేయడానికి బైకెక్కాడు, మేం కన్యాకుమారి దారి పట్టాం.